లెక్కకు రాని రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త పని వచ్చింది. ట్రస్టు వాళ్ళ మంచినీళ్ళ ప్లాంట్లు, పదమూడు ఊళ్ళలో. ఇంటికో కార్డు. కార్డు చూపిస్తే మిషన్ ఒక టిన్ను నీళ్ళు వదులుతుంది. వదిలినప్పుడల్లా మా సర్వర్ పట్టికలో ఒక వరస పడుతుంది. ఇప్పటిదాకా నెలకోసారి మొత్తం మాత్రమే ట్రస్టుకి వెళ్ళేది. ఇప్పుడు రోజువారీగా కనపడే డ్యాష్‌బోర్డు కావాలట. దాని వెనకాల ఉండే ఎండ్‌పాయింట్ నాది. ఊరి పేరూ తేదీలూ పంపితే ఏ రోజు ఎన్ని టిన్నులు పట్టుకున్నారో లెక్కగట్టి తిరిగివ్వాలి. ఊరు ఒక గీత, కాలనీ ఇంకో గీతగా చూపించాలి. కాలనీ వాళ్ళకి కూడా నీళ్ళు అందుతున్నాయా అని విరాళాలిచ్చేవాళ్ళు అడుగుతారట.

నాగేంద్రబాబు గారు "రెండు రోజుల పని" అన్నారు. మా సారుకి ఏ పనైనా రెండు రోజుల పనే.

లిస్టులో నల్లగుంటపాలెం ఉంది! నాన్న పోయాక ఇంటర్ దాకా నేను పెరిగిన ఊరు. అక్కడి నీళ్ళ కమిటీ ప్రెసిడెంటు మా బుల్లయ్య మావయ్యే. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, "మా అన్నయ్య ప్లాంటు లెక్కలు నువ్వు చూస్తావన్నమాట" అని ఒకటే సంబరం. ఆయన ప్లాంటు కాదమ్మా, ట్రస్టుది అంటే వినిపించుకోలేదు.

ఫిబ్రవరి 5

అయిపోయింది. నిజంగానే రెండు రోజులే పట్టింది, సారుకి చెప్పను.

ట్రస్టు తరఫున చూసేది మాధవీలత గారు. ట్రయల్ లింకు పంపగానే ఫోన్ చేశారు. ఈ నెల ఏ ఊళ్ళకి వెళ్ళాలో దీన్ని చూసే నిర్ణయించుకుంటారట. సగటు తక్కువున్న ఊళ్ళకి ముందు వెళ్తారు. నల్లగుంటపాలెం కాలనీ సగటు రోజుకి నలభై ఒకటి, చాలా ఊళ్ళ కంటే నయం. "అయితే అక్కడికి ఇప్పుడు అక్కర్లేదు" అని కొట్టేశారు.

మావయ్య ఊరు బాగా చేస్తోంది. బాగా అనిపించింది.

ఫిబ్రవరి 7

సరిపోవట్లేదు.

నల్లగుంటపాలెంలో మిషన్ నడిపే పానకాలు రోజూ మీటరు ఫోటో ట్రస్టుకి వాట్సాప్ చేస్తాడు. డిసెంబరు ఫోటోలు తెప్పించి నా లెక్కతో పోల్చా. నెల మొత్తం సరిపోతుంది. రోజులు సరిపోవు. ఒక రోజు ఎక్కువ, మర్నాడు తక్కువ. మిగతా పన్నెండు ఊళ్ళలో దాదాపు తేడా లేదు. ఒకటే కోడ్, ఒకటే సర్వర్. ఈ ఒక్క ఊరికే ఏమొచ్చింది?

మళ్ళీ లెక్కపెట్టా. మళ్ళీ అంతే.

ఫిబ్రవరి 8

దొరికింది. ఇంకోసారి ఈ తప్పు చెయ్యకుండా రాసిపెట్టుకుంటున్నా. సర్వర్ లండన్ టైము చూసుకుంటుంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకి తెల్లవారి ఐదున్నర అయితేగాని దానికి తేదీ మారదు. అంతకు ముందు పట్టిన టిన్ను నిన్నటి లెక్కలోకి పోతుంది. మన టైముకి మార్చి రోజుల్ని విడగొడితే డిసెంబరంతా ఫోటోలతో కచ్చితంగా సరిపోయింది.

అయితే ఒక సంగతి. మార్చాక నల్లగుంటపాలెంలో ఊరి గీత కదల్లేదు. కాలనీ గీత మొత్తం ఒక రోజు పక్కకి జరిగింది. అంటే కాలనీ వాళ్ళ టిన్నులన్నీ ఐదున్నర లోపే. ఒక్కటి కూడా తర్వాత లేదు. ఊరు వాళ్ళవన్నీ ఆరు తర్వాత.

పానకాలుకి ఫోన్ చేసి అడిగా. "వాళ్ళ టైము అదే కదా మేడం" అన్నాడు, నేనేదో తెలిసిన విషయమే అడిగినట్టు.

మిరప కోతలు కదా. చీకటితోనే పొలానికి వెళ్ళాలి. అందుకే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 10

ప్లాంటు తెరిచిన ఆగస్టు నుంచీ అంతే. ఆగస్టులో మిరప కోతలేవీ?

పత్తిలో కలుపు తీతలు ఉంటాయేమో. ఉంటాయి.

ఫిబ్రవరి 12

తల తిరిగిపోతోంది.

ఈ వారం ఫోటోలతో కూడా సరిచూద్దామని కూర్చున్నా. మొత్తాలు సరిపోయాయి. కాలనీ గడి మాత్రం ఖాళీ. సున్నా కూడా కాదు, ఖాళీ. వెనక్కి వెళ్తూ పోయా. జనవరి పది తర్వాత కాలనీ కార్డుల నుంచి ఒక్క వరస కూడా లేదు.

మరి నలభై ఒకటి ఎక్కడిది? జనవరి మొదటి నుంచి రోజుల్ని అడిగితే నా ఎండ్‌పాయింట్ పది రోజులే తిరిగిస్తోంది. వరసలు ఉన్న రోజుల్నే అది లెక్కబెడుతుంది. ఎవరూ రాని రోజు దానికి అసలు రోజే కాదు. ఆ పదింటికే సగటు తీస్తే నలభై ఒకటి. నెల రోజులు ఎవరూ రాకపోయినా నలభై ఒకటే.

మాధవీలత గారు దాన్ని చూసే వెళ్ళడం మానుకున్నారు.

కార్డులు ఎవరైనా ఆపేశారేమోనని చూశా. లేదు, అన్నీ పనిచేస్తున్నాయి. పానకాలుకి చేస్తే "రావట్లేదు మేడం" అన్నాడు. ఎందుకు అంటే "మీ మావయ్య గారిని అడగండి" అన్నాడు.

మావయ్యకి చేశా. ఏం తిన్నావని అడిగాడు. ఈసారి కాయ బాగా ఎర్రగా వచ్చిందన్నాడు. కాలనీ సంగతి అడిగితే, "రాకపోతే నేనేం చెయ్యను తల్లీ, గేటు తీసే ఉంది" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచించా.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఊరెళ్ళొచ్చా. ప్రత్తిపాడు దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. మావయ్యని చూడాలనిపించిందని అమ్మకి చెప్పా. అబద్ధం కాదు.

మావయ్య కళ్ళంలో ఉన్నాడు. కళ్ళం అంతా ఎర్రగా కాయ పరిచి ఉంది, ఊపిరి పీల్చగానే దగ్గొచ్చింది. సుబ్బరావమ్మ అత్తయ్య తలకి గుడ్డ చుట్టుకుని తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూసి ఇద్దరూ పని వదిలేసి లేచారు. నీళ్ళ సంగతి ఎత్తగానే మావయ్య, "పద, నువ్వే చూద్దువుగాని" అని ప్లాంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. గేటుకి తాళం లేదు. తన కార్డు చూపించి టిన్ను నింపి పెట్టాడు.

"చూశావుగా. ఎవర్నీ రావద్దన్లేదు. ఎవర్నీ ఒక్క మాట అన్లేదు. నీకు నామీద నమ్మకం లేదా?"

ఉందన్నా. ఉంది కూడా. నేను పదో తరగతి పరీక్షలు రాసినన్నాళ్ళూ టీవీఎస్ మీద తీసుకెళ్ళి, బయట చెట్టు కింద నేను వచ్చేదాకా కూర్చున్న మనిషి. మరి వాళ్ళు తెల్లవారక ముందే ఎందుకు వచ్చేవాళ్ళని అడిగా. "ఎండెక్కక ముందే హాయి కదా" అన్నాడు. తర్వాత నా మొహం చూడలేదు. టిన్ను ఎత్తుకుని ముందు నడిచాడు.

అన్నం పెడుతున్నప్పుడు అత్తయ్య ఏదో చెప్పబోయి, మావయ్య వైపు చూసి, నా కంచంలో పెరుగు వేసి ఊరుకుంది.

కాలనీ రోడ్డుకి అవతలే. వెళ్ళలేదు. ఎండగా ఉంది.

ఫిబ్రవరి 17

ఎండేం లేదు. ఫిబ్రవరి.

ఫిబ్రవరి 18

కార్డుల పట్టికలో ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒకటి తీసి చేశా. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో కనుక్కుంటున్నాం అని చెప్పా. అవతల అమ్మాయి, "ఎక్కడి నుంచండీ?" అంది. గుంటూరు బ్రాడీపేట ఆఫీసు నుంచి అన్నా. "నేనూ బ్రాడీపేటలోనే" అంది. మా వెనక లైన్లో ఉన్న పిల్లల క్లినిక్‌లో నర్సట. పేరు సలోమి. రోజూ ఊరి నుంచి వచ్చి వెళ్తుంది.

మధ్యాహ్నం క్లినిక్ పక్క టీ కొట్టు దగ్గర కలిశాం. నన్ను చూడగానే, "మీరు బుల్లయ్య గారి మేనకోడలు కదండీ. హైస్కూల్లో మీకంటే రెండు క్లాసులు వెనక" అంది. నాకు గుర్తులేదు. గుర్తున్నట్టు నవ్వా. ఆమెకి తెలిసిపోయింది.

మిమ్మల్ని ఎవరాపారని అడిగా. మావయ్యేనా అని అడగడానికి నోరు రాలేదు.

"ఎవరూ ఆపలేదండీ. మేమే మానేశాం."

జరిగింది చెప్పింది. ప్లాంటు పెట్టినప్పటి నుంచి కాలనీ వాళ్ళు ఊరు లేవకముందే పట్టుకోవాలి. బోర్డేం లేదు, ఎవరూ దండోరా వేయించలేదు. మొదటి వారంలో పగలు వెళ్ళినవాళ్ళకి ఏదో ఒకటి అడ్డం వచ్చింది, అంతే. జనవరిలో చీకట్లో వాళ్ళమ్మ టిన్నుతో సహా మెట్ల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మర్నాడు సలోమి సెలవు పెట్టి, తెల్లారాక టిన్ను తీసుకుని వెళ్ళి వరసలో నిలబడింది. ఎవరూ తిట్టలేదట. వరసలో వాళ్ళందరూ మాట్లాడటం మానేశారట. ఆమె వంతు రాగానే పానకాలు కరెంటు పోయిందన్నాడు. ఆమె రోడ్డు దాటేలోపు మోటారు చప్పుడు వినపడింది.

ఆ సాయంత్రం కాలనీ అంతా కూర్చుని అనుకున్నారు. అందరికీ ఒకటే వరసయితేనే వెళ్దాం, లేకపోతే వద్దు. అప్పటి నుంచి బోరు నీళ్ళే. ఉప్పు. చిన్నపిల్లలున్న ఇళ్ళకి మాత్రం పక్క ఊరి నుంచి తెస్తున్నారు.

"గొడవ చేద్దామన్నారు కుర్రాళ్ళు. నేనే వద్దన్నా. ప్లాంటు తెరిచిన రోజు ట్రస్టు మేడం చెప్పింది కదా, ప్రతి టిన్నూ గుంటూరు ఆఫీసులో కనపడుతుందని. మనం రాకపోతే అదీ కనపడుతుంది, ఆమే వచ్చి అడుగుతుంది అన్నా. నెల దాటింది. ఎవరూ రాలా. మావాళ్ళు నన్ను అడుగుతున్నారు."

చెప్పేశా. కనపడలేదని, నేను రాసిన దాంట్లో ఎవరూ రాని రోజులు లెక్కలోకే రావట్లేదని. ఆమెకి నలభై ఒకటి సంగతి కూడా చెప్పా. కోప్పడుతుందనుకున్నా. గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు కనపడేలా చెయ్యగలరా?" అంది.

చెయ్యొచ్చన్నా.

"ఆ సున్నాలు మావండీ. తియ్యకండి."

ఫిబ్రవరి 19

ఏమీ చెయ్యలేదు. తలనొప్పి అని ఇంటికి వచ్చేశా.

ఫిబ్రవరి 20

చేశా. ముందు క్యాలెండర్లోని రోజులన్నీ వరసగా తెచ్చుకుని, వాటి పక్కన టిన్నుల లెక్క పెట్టి, లెక్క లేని చోట సున్నా వేశా. పది నిమిషాల పని. నల్లగుంటపాలెం కాలనీ గీత జనవరి రెండో వారంలో నిట్టనిలువునా కిందకి పడి, నేలకి అంటుకుని ఇవాళ్టిదాకా అలాగే వచ్చింది. సగటు ఎనిమిది చిల్లర.

నాగేంద్రబాబు గారు నా వెనక నిలబడి చూశారు. వచ్చే గురువారం విరాళాలిచ్చేవాళ్ళ ముందు డెమో. ఇదేంటన్నారు. చెప్పా, సలోమి పేరు లేకుండా.

"డేటా లేదంటే సున్నా అని అర్థం కాదమ్మా. మిషన్ ఆగిపోయి ఉండొచ్చు, నెట్ లేకపోయి ఉండొచ్చు. తెలియనిదాన్ని సున్నా అని ఎలా వేస్తావు?"

నిజమే. నేనే కొత్తగా చేరినవాళ్ళకి అదే చెప్తా. కానీ అవే రోజుల్లో అదే మిషన్ మీద ఊరి కార్డులు పడ్డాయి. మిషన్ నడుస్తోంది, నెట్ ఉంది, మనుషులే రాలేదు. ఇది తెలియనిది ఎలా అవుతుంది? అదే అన్నా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి, అది మీ మావయ్య ఊరని మర్చిపోకు అన్నారు. సారు చెడ్డమనిషి కాదు. నా మంచికే చెప్తున్నాననుకుంటున్నారు. డెమో దాకా పాతదే ఉంచమన్నారు.

సరే అన్నా.

ఫిబ్రవరి 22

అమ్మకి తెలిసింది. నేనే చెప్పా. చెప్పకుండా ఉండాల్సిందేమో. వింటూ వింటూ కూర తరగడం ఆపేసింది. "అన్నయ్య పేరు ఎక్కడా రాదుగా?" అని ఒకటే అడిగింది.

ఫిబ్రవరి 24

మావయ్య ఫోన్. అమ్మ చెప్పేసినట్టుంది. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"నేను చేసిన తప్పేంటో చెప్పు తల్లీ. దిద్దుకుంటా."

"వాళ్ళకి ఆ టైము ఎవరు పెట్టారు మావయ్యా?"

"ఎవరూ పెట్టలా. అలా జరుగుతోంది."

"జరుగుతుంటే నువ్వు చూశావుగా."

పగలు అందరూ ఒకే వరస అంటే ఊళ్ళోవాళ్ళు ప్లాంటే వద్దంటారని, అప్పుడు ఎవరికీ నీళ్ళుండవని, అందుకే కదిలించలేదని అన్నాడు. పోయినసారి బడి దగ్గర బోరు విషయంలో అలాగే అయిందట. అది కూడా నిజమే అయ్యుండొచ్చు. మావయ్య చెప్పేది విన్నప్పుడు మావయ్యది రైటు. సలోమి చెప్పేది విన్నప్పుడు సలోమిది. నా కోడ్ దగ్గర కూర్చుంటే సున్నా ఒకటే కనపడుతుంది. దాని మీద కూడా సారుకీ నాకూ పడట్లేదు.

ఫిబ్రవరి 25

పాతదే ఉంచుతా. నాలుగు రోజులాగి మాధవీలత గారికి విడిగా చెప్తా. అదే మంచిది. ఎవరి పరువూ పోదు.

ఫిబ్రవరి 27, గురువారం

డెమో అయింది.

పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పటికి కూడా పాతదే ఉంచాలనుకున్నా. మెట్లు ఎక్కుతుంటే కింద కోచింగ్ సెంటర్ పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు, ఎవరెవరో, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. పైకెళ్ళి కొత్తది ఎక్కించేశా. సారుకి చెప్పలేదు. చెప్తే వద్దంటారు, వద్దంటే మానేస్తానని భయం.

మాధవీలత గారూ, విరాళాల కంపెనీ నుంచి ఇద్దరూ వచ్చారు. సారు ఒక్కో ఊరూ తెరిచి చూపిస్తున్నారు. నల్లగుంటపాలెం వచ్చేసరికి ఆయన చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. మాధవీలత గారు ముందుకి వంగారు. పోయినసారి నలభై ఒకటి కదా, ఇదేంటన్నారు.

సారు "అక్కడ కొంచెం నెట్‌వర్క్ సమస్య ఉందండీ" అన్నారు.

నేను మధ్యలో అందుకున్నా. "నెట్‌వర్క్ కాదండీ. అవే రోజుల్లో ఊరి టిన్నులు పడ్డాయి. పోయినసారి చూపించిన సగటు తప్పు, అది నా పొరపాటు. కాలనీ వాళ్ళు నెలన్నర నుంచి రావడం లేదు."

ఎందుకన్నారు. వెళ్ళి వాళ్ళని అడగండి అన్నా. కాలనీ లెక్కలన్నీ తెల్లవారక ముందు టైములోనే ఎందుకున్నాయో కూడా అడగమన్నా. మావయ్య పేరు చెప్పలేదు. కమిటీ ప్రెసిడెంటు ఎవరని వాళ్ళు అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? తెలియదు.

వాళ్ళు వెళ్ళాక సారు తన గదిలోకి వెళ్ళిపోయారు. సాయంత్రం, "ఇంకోసారి నాకు ముందు చెప్పి చెయ్యి" అన్నారు. ఉద్యోగం పోలేదు. పోతుందనుకున్నా.

మార్చి 5

మాధవీలత గారు నిన్న ఊరెళ్ళారు. బళ్ళో మీటింగు పెట్టారు. రెండు వైపుల వాళ్ళూ వచ్చారట. పొద్దున ఆరు నుంచి అందరికీ ఒకటే వరస, కాదంటే మిషన్ ఎత్తుకుపోతాం అన్నారట. మావయ్య ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదట. చివర్లో లేచి, ప్రెసిడెంటుగా నేను ఉండనని చెప్పి వచ్చేశాడట. అత్తయ్య అమ్మకి ఫోన్లో చెప్పింది. అమ్మ నాకు చెప్పలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి వంటింట్లో తిరిగింది.

మార్చి 8

అమ్మ నాతో మాట్లాడట్లేదు. క్యారేజీ మాత్రం కడుతోంది. ఇవాళ మూత పెడుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఎప్పటికో అప్పటికి వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. నీ నోటి నుంచే రావాలా?"

ఆఫీసుకి వచ్చేదాకా జవాబు వెతుక్కుంటూనే ఉన్నా. వాళ్ళు చెప్పుకున్నారు. ఎలా చెప్పుకోవాలో అలాగే చెప్పుకున్నారు. అది నా దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మకి ఈ మాట అనాలి. అనలేదు. క్యారేజీ ఖాళీ చేసి తీసుకెళ్ళా.

మార్చి 11

కాలనీ గీత లేచింది. మొదటి రోజు ఎక్కువమంది రాలేదు, ఇవాళ పూర్తిగా వచ్చారు. టైములు చూశా. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఎండెక్కాక.

ఊరి గీత తగ్గుతోంది.

మార్చి 14

ఊరు సున్నా.

సారు పిలిచి, "రెండు గీతలూ తారుమారు చేశావేమో చూడు" అన్నారు. లేదని తెలిసీ వెళ్ళి కోడ్ మొత్తం చూశా. ఎక్కడైనా నా తప్పు దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు.

ఊళ్ళోవాళ్ళు ప్రత్తిపాడు నుంచి ఆటోలో టిన్నులు తెప్పించుకుంటున్నారట. మావయ్య అన్నట్టే అయింది. అంటే మావయ్య రైటా? ఆయనకి ఇలా అవుతుందని తెలుసు, అందుకని వాళ్ళని చీకట్లో ఉంచాడు. లెక్క సరిపోతుందిగాని నాకు మింగుడు పడట్లేదు.

మాధవీలత గారికి ఫోన్ చేస్తే, మిషన్ ఎక్కడికీ పోదు, ఎదురుచూద్దాం అన్నారు.

మార్చి 17

టీ కొట్టు దగ్గర సలోమి. వాళ్ళమ్మ కట్టు విప్పారట. ఊరి సంగతి ఆమెకి నాకంటే బాగా తెలుసు. పొద్దున వరసలో వీళ్ళు మాత్రమే నిలబడుతున్నారు, అటువైపు అరుగుల మీద నుంచి చూస్తున్నారట. భయంగా లేదా అన్నా. ఉందంది. వెళ్ళేటప్పుడు, "వాళ్ళ సున్నాలు కూడా తియ్యకుండా ఉంచండి మరి" అని నవ్వింది. నేనూ నవ్వా. తర్వాత నవ్వాల్సింది కాదేమో అనిపించింది, ఎందుకో చెప్పలేను.

మార్చి 20

మావయ్య పుట్టినరోజు. ఎప్పుడూ పొద్దున్నే చేసేదాన్ని. నంబరు తీసి, పెట్టేశా.

మార్చి 24, సోమవారం

పొద్దున ఇంట్లోనే డ్యాష్‌బోర్డు తెరిస్తే ఊరి గీత మీద నిన్నటి తేదీకి ఒకటి. ఒక్కటే. టెస్టు కార్డేమోనని చూశా. కాదు. మావయ్య ఇంటి కార్డు.

అత్తయ్యకి చేశా. రెండు రింగులకే ఎత్తింది.

"పప్పు ఉడకట్లేదే" అంది. "ఆటోవాడు మూడు రోజుల నుంచి రావట్లా. బోరు నీళ్ళలో పొద్దున పడేస్తే మధ్యాహ్నానికి కూడా బద్దలు బద్దలుగానే ఉంటోంది. ఇక టిన్ను తీసుకుని వెళ్ళా."

ఎవరున్నారు అక్కడ అన్నా.

"కాలనీ ఆడవాళ్ళు ఆరేడుగురు. ఒకావిడ ముందుకి రమ్మంది. వద్దులేమ్మా, నా వంతుకి నేను పట్టుకుంటానన్నా. నుంచున్నాంలే. ఆవిడకి చెయ్యి విరిగిందంట, ఎట్లా ఉందని అడిగా. వచ్చేటప్పుడు అరుగుల మీద వాళ్ళు అందరూ చూశారు. చూడనీ."

అత్తయ్య ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మావయ్యకి చెప్పావా?"

"అడగలా. చెప్పలా. అన్నంలోకి ఆ నీళ్ళే పెట్టా."

"తాగాడా?"

"తాగాడు."

ఫోన్ పెట్టేశాక అమ్మకి చెప్పా. అమ్మ చేస్తున్న పని ఆపి, మొదటిసారి నా వైపు తిరిగి, అయితే అన్నయ్యకి తెలిసుండదులే అంది. అప్పుడు నేను అదే అనుకున్నా.

కానీ ఆ బోరు నీళ్ళు తాగి పెరిగినదాన్ని నేను. ఆ ఉప్పుకీ ప్లాంటు నీళ్ళకీ తేడా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది ఎవరికైనా. మళ్ళీ అత్తయ్యకి చేసి అడిగా. రెండో గ్లాసు ఆయనే అడిగి పోయించుకున్నాడట.